చూసిన రేవుకే మళ్ళీ రా

కొవ్వూరు,
3 నవంబరు 2025, కార్తీక సోమవారం

చి॥ సౌ॥ అమ్ములుకి,



మొన్న ఫోనులో నువ్వన్న మాట నా చెవిలోనే ఉండిపోయింది. "పెద్దమ్మా, ఏ లోటూ లేదు. అయినా ఏదీ రుచించటం లేదు" అన్నావు. మనాలి వెళ్ళొచ్చారు, బాలి వెళ్ళొచ్చారు. ఫొటోల్లో అందరూ నవ్వుతూనే ఉన్నారు. తిరిగొచ్చి లాప్‌టాప్ తెరిచిన రోజుకే, అక్కడికి వెళ్ళింది నువ్వు కానట్టు అనిపిస్తోందన్నావు. ఇప్పుడు అప్పు చేసైనా కశ్మీరు వెళ్ళి చినార్ ఆకులు ఎర్రబడటం చూసొస్తే మనసు కుదుటపడుతుందేమో, నువ్వేమంటావని అడిగావు. అలాంటి మాటకి ఫోనులో ఊఁ కొట్టి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకని కాగితం తీశాను. మీ పాప నిద్రపోయాక తీరిగ్గా చదువుకో.

కశ్మీరు వెళ్ళొద్దని నేననను. అక్టోబరు నెలాఖరు నుంచి నవంబరు సగం దాకా శ్రీనగర్‌లో ఆ చెట్లు చూడదగ్గవే. న్యూజెర్సీ నుంచి మీ అన్నయ్య ఏటా ఈ రోజుల్లోనే మేపుల్ చెట్ల కింద పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు పంపిస్తాడు, అవీ ముచ్చటగానే ఉంటాయి. చేతిలో డబ్బు ఆడిన ఏడాది, సెలవు కలిసొచ్చిన ఏడాది తప్పకుండా వెళ్ళండి. అప్పు చేసి మాత్రం వెళ్ళకు. ఏడాది పొడుగునా నెలనెలా కట్టే వాయిదా ఆ నాలుగు రోజుల సంతోషాన్నీ తినేస్తుంది. ఇంకొక మాట కూడా ఉంది. ఒక ఊరిని మొదటిసారి చూసినప్పుడు కలిగేది ఆశ్చర్యం. నీకు కావలసింది నెమ్మది. అది మొదటి చూపులో దొరకదమ్మా. చూసిన చోటినే ఏటేటా, అవే రోజుల్లో, మళ్ళీ చూడగా చూడగా దొరుకుతుంది. నీకు చెప్పాలని కూర్చున్నది ఈ సంగతే.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోజూ గోదారి దాటి రాజమండ్రి వెళ్ళి పాఠాలు చెప్పొచ్చాను. చేరిన కొత్తలో రైళ్ళింకా పాత బ్రిడ్జి మీద కూడా నడిచేవి. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన అది. 1997లో దానికి విశ్రాంతి ఇచ్చేదాకా మద్రాసు, కలకత్తాల మధ్య రాకపోకలు చాలా ఏళ్ళు దాని మీదుగానే సాగాయి. నేను ఎక్కువగా బస్సులో, 1974లో వచ్చిన రోడ్ కమ్ రైలు బ్రిడ్జి మీదుగా వెళ్ళేదాన్ని. కింద రైలు పోతుంటే పైన బస్సు కిటికీ ఊచలు సన్నగా వణికేవి. రోజూ అదే దారి, అదే కిటికీ, అదే గోదారి. విసుగు రాదా అని తోటి టీచర్లు అడిగేవారు. నాకు రాలేదు. ఇంట్లో ఎంత చికాకుగా ఉన్నా, వంతెన మొదట్లో తల తిప్పి నీళ్ళ రంగు చూసుకుంటే చాలు, రోజుకి ఒక ఒడ్డు దొరికినట్టుండేది.

ఆ రంగు ఎందుకు మారుతుందో నీకు చిన్నప్పుడు చెప్పాను, మరిచిపోయి ఉంటావు. వానాకాలం మొదలవగానే పైన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చిన నీళ్ళు ఎర్రగా దిగుతాయి. శ్రావణ భాద్రపదాల్లో గట్టు పొడుగునా భయం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మా ఊళ్ళో అందరికీ నోటికొచ్చు. దసరా దాటాక పైవానలు తగ్గుతాయి. బ్యారేజి గేట్లు ఒక్కొక్కటే దించుతారు. అంతదాకా పరుగెత్తిన ఏరు కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నిలబడుతుంది. నిలబడ్డ నీళ్ళలో ఒండ్రు అడుక్కి దిగుతుంది. ఎరుపు పోయి, కొన్నాళ్ళు చెప్పలేని ఒక మట్టి ఆకుపచ్చ, ఆ తరవాత నీలం. ఒక్కరోజులో జరగదది. రోజూ చూసేవాళ్ళకే తెలుస్తుంది.

అప్పుడే లంకల్లో రెల్లు పూస్తుంది. వంతెన మీంచి చూస్తే ఇసక తిన్నెల మీద మనిషెత్తున తెల్లటి కుచ్చులు. పొద్దున ఎండ వెనకనుంచి పడితే వెండిరంగు, సాయంత్రం పసుపు. వాన పడిన రోజు తలలు వాల్చేసి, మర్నాడు ఎండకి మళ్ళీ లేస్తాయి. దగ్గరికి వెళ్తే ఆ నూగు చీరకి అంటుకుని ఇంటిదాకా వస్తుంది. పూర్వం ఈ రెల్లు కోసే పాకలు నేసుకునేవారు. మన దగ్గర ఈ కాలానికి ఆకులు రాలవు అమ్ములూ. బాదం, రావి ఆకులు రాల్చేది సంక్రాంతి దాటాక. ఎర్రాకులు లేవు కాబట్టి మనకి శరత్తే లేదని నీ స్నేహితురాలెవరో అందన్నావు చూడు, ఆ పిల్లని ఒకసారి ఆశ్వయుజంలో ఈ వంతెన దాటించు. తేటపడిన నీళ్ళు, రెల్లు, పున్నమి వెన్నెల, తెల్లారేసరికి పెరట్లో బోలెడు పారిజాతాలు. మన శరత్తు తెల్లగా ఉంటుంది.

ఇదంతా చదివి, పెద్దమ్మకేం, గోదారొడ్డున కూర్చుని కబుర్లు చెబుతోంది అనుకోకు. మొన్న 28వ తేదీ రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. రాత్రంతా గాలి. తెల్లారి మీ పెదనాన్న చేలోకి వెళ్ళి చూస్తే వరి సగానికి సగం పడిపోయి ఉంది. మనవాళ్ళు వేసింది స్వర్ణ. 1982లో మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన రకం, ఇప్పటికీ డెల్టాలో దాని మీద నమ్మకం పోలేదు. గింజ గట్టిపడే అదనులో పడిపోయింది. కంకి నీళ్ళలో నానితే మొలకొస్తుంది. మన కౌలుదారూ, అతని భార్యా, ఇద్దరు కూలీలూ మోకాటి లోతు బురదలో దిగి, ముందు గట్టుకి గండి కొట్టి నీళ్ళు బయటికి వదిలారు. తరవాత పడిన దుబ్బుల్ని లేవదీసి నాలుగైదు కలిపి ఆ గడ్డితోనే కట్టి నిలబెడుతూ వచ్చారు. చేనంతా అయ్యే పని కాదు, అయినంత చేశారు. ఈసారి కౌలు మక్తా పూర్తిగా అడగబోమని మీ పెదనాన్న ఆ గట్టు మీదే చెప్పేశారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ తృప్తిగా లేదు. ఉండకూడదు కూడా.

ఇది నీకెందుకు చెబుతున్నానంటే, ఏం జరిగినా బాగానే ఉందనుకోవటమే తృప్తి అని నీకెవరైనా చెబితే నమ్మకు. పడిన చేను చూసి బాగుందనుకున్నవాడు దాన్ని లేవదీయడు. మీ ఆఫీసులో రాత్రి పదకొండింటికి మెసేజీ వస్తే పాపని పక్కన పడుకోబెట్టి జవాబిస్తున్నావని మీ అమ్మ బాధపడింది. రెండేళ్ళుగా హక్కుగా రావలసిన సెలవులు కూడా అడగలేదట. అవి అడుగు. రాత్రి తొమ్మిది దాటాక చూడనని చెప్పు. దానితో సర్దుకుపోయి, ఆ అలసటని కశ్మీరు వెళ్ళి దులిపేసుకొద్దామంటే అయ్యే పని కాదు. ఎప్పటికప్పుడు నీ రోజులో కాస్త ఖాళీ ఉంటేనే చినార్ అయినా చామంతి అయినా కంటికి ఆనుతుంది.

ఇంక ఎక్కడికైనా వెళ్ళాలనే కోరిక గురించి. ఆ కోరిక మంచిదే. ఇంట్లోంచి బయటపడితే గాని ఇంటి విలువ తెలియని రోజులు అందరికీ ఉంటాయి. నన్నడిగితే దగ్గరి చోటొకటి ఎంచుకుని, ఏటా అక్కడికే వెళ్ళు. మాకది పట్టిసీమ. ఇక్కణ్ణుంచి గోదారి గట్టు వెంటే కుమారదేవం, తాళ్ళపూడి, గూటాల మీదుగా దారి. గోదారి మధ్యలో దేవకూట పర్వతం మీద వీరభద్రుడు. రేవులో పడవెక్కితే కాసేపట్లో తీసుకెళ్ళి దింపుతారు. వేసవిలో అయితే నీళ్ళు తగ్గి ఇసకలో చాలా దూరం నడవాలి. ఈ రోజుల్లో నీళ్ళు కొండ చుట్టూ ఉంటాయి. ఒడ్డున ఇప్పుడు 2015 నాటి ఎత్తిపోతల గొట్టాలు కనిపిస్తాయి. ఇక్కడి నీళ్ళని కృష్ణ దాకా వెళ్ళే కాలువలోకి ఎత్తిపోసేవి అవే. నేను మొదట చూసిన పట్టిసీమలో అవి లేవు. మారింది చూసి బాధపడ్డ ఏడాదీ ఉంది, ఆ నీళ్ళతో ఎక్కడో ఒక చేను తడుస్తోందని తోచిన ఏడాదీ ఉంది. ఒకే చోటికి వెళ్తుంటే ఇలాగే ఉంటుంది. అది మారుతుంది, నువ్వు మారతావు, రెండూ పక్కపక్కన కనిపిస్తాయి.

వెళ్ళే రోజు మాత్రం జాగ్రత్తగా ఎంచుకో. కార్తీక సోమవారం, ఏకాదశి, పున్నమి వద్దు. మొన్న శనివారం ఏకాదశి నాడు శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ గుడిలో తొక్కిసలాట జరిగి ఎంతమంది ప్రాణాలు పోయాయో పేపర్లో చూసే ఉంటావు. 2015 పుష్కరాల మొదటి రోజు అవతలి గట్టున రాజమండ్రిలో జరిగిన తొక్కిసలాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది. దేవుడు మంగళవారం కూడా అక్కడే ఉంటాడు. ఏ మంగళవారమో బుధవారమో పొద్దున్నే వెళ్తే గుడి మెట్ల మీద మీరూ, పూజారిగారూ, ఒకటి రెండు కోతులూ ఉంటారు. పాప చేతికి పిడికెడు మరమరాలివ్వు, రేవులో చేపలకి వేసుకుంటుంది. పడవెక్కితే లైఫ్ జాకెట్ వేసుకోకుండా కూర్చోవద్దు. వరద ఉన్న రోజుల్లో గోదారి మీదికి అసలు వెళ్ళొద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగినప్పుడు ఉన్నది అలాంటి వరదే.

పంచారామాలన్నీ ఒక్కరోజులో చూపించే ఆర్టీసీ బస్సులు ఈ నెలంతా తిరుగుతాయి. వయసు మళ్ళినవాళ్ళకి, ఒంటరిగా వెళ్ళలేనివాళ్ళకి అవి గొప్ప ఉపకారం. నీకు మాత్రం నేను వాటిని చెప్పను. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒకే రోజు చూస్తే రాత్రికి గుర్తుండేది బస్సు సీటు. ఏడాదికొకటి చూడు. ద్రాక్షారామంలో ఒక పూటంతా ఉండి, ఆ రెండంతస్తుల గుడిలో పైకి ఎక్కి, దిగి, ప్రాకారం నీడలో పాపకి అన్నం పెట్టి రా.

పట్టిసీమకి కుమారదేవం మీదుగా దారి అన్నాను కదా, గుర్తొచ్చింది, అక్కడి సినిమా చెట్టు. ఒకటిన్నర శతాబ్దాల నిద్రగన్నేరు. ఎన్ని సినిమాల్లో కనిపించిందో లెక్కలేదు. నీ చిన్నప్పుడు దాని కొమ్మల కింద నిలబెట్టి నీకు ఫొటో తీయించాం, మీ అమ్మ దగ్గరుంది. 2024 ఆగస్టులో వరద కాలంలో అది కూలిపోయింది. ఊరంతా చూడటానికి వెళ్ళింది. సినిమావాళ్ళ కంటే ఎక్కువ ఏడ్చింది రోజూ దాని కిందుగా సైకిలు మీద పొలానికి వెళ్ళేవాళ్ళు. మొదలుని ఎలాగైనా బతికించాలని పూనుకున్నవాళ్ళున్నారు. నేనూ ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆటో ఆపించి ఒకసారి చూసొస్తాను. నీ ఊళ్ళో కూడా నీకొక చెట్టుండాలి. మీ కాలనీ పార్కులోదైనా సరే. అది పూసినప్పుడూ, మోడైనప్పుడూ వెళ్ళి చూడాలి.

ఇంట్లో ఏం చెయ్యాలో కూడా అడిగావు కదా. హైదరాబాదులో రెండు గదుల ఇంట్లో కార్తీకం ఎలా వస్తుందన్నావు. వస్తుంది. కుండీలో ఒక చామంతి పెట్టు. మీ నర్సరీలో కొన్నది కూడా ఇక్కడ కడియం నుంచి లారీలో వచ్చినదే అయ్యుంటుంది. పూలు అయిపోగానే పారెయ్యకు. జానెడు ఎత్తున కత్తిరించి, నీళ్ళు తగ్గించి, కుండీని అలాగే ఉంచు. వేసవిలో సగం నీడలో పెట్టు. వానలకి పిలకలు వేస్తుంది. పగలు కురచై రాత్రి పొడుగైతేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. అందుకని దసరా రోజుల్లో రాత్రిపూట బాల్కనీ లైటు దాని మీద పడనివ్వకు. మళ్ళీ ఏడాది అదే కుండీలో మొగ్గ కనిపించిన రోజు నాకు ఫోను చెయ్యి. కొత్త కుండీ కొన్నప్పటి సంతోషమూ, ఇదీ ఒకటేనా అని ఆ రోజు అడుగుతాను.

ఇంకొకటి తాటి టెంకల సంగతి. నీకు తెలుసు గాని పాపకి చూపించావో లేదో. భాద్రపదంలో తాటిపళ్ళు తిన్నాక టెంకల్ని పెరట్లో ఇసక మీద పోగు పెడతాం కదా. కొన్నాళ్ళకి ఒక్కొక్క టెంకలోంచీ ఒక మొలక కిందికి దిగుతుంది. నాగులచవితికి కత్తితో రెండు చెక్కలుగా కొడితే లోపల తెల్లగా, దూదిలా మెత్తగా, కాస్త తియ్యగా బుర్రగుంజు. చలిమిడి, చిమ్మిలితో పాటు పుట్టలో నాగేంద్రుడికి పెట్టేది అదే. కొట్టకుండా అలాగే వదిలేసిన టెంకలు మాత్రం లోపలి తీపినంతా కింద మొలకకి దించేసుకుంటాయి. కార్తీకం వెళ్ళాక తవ్వితే తేగలు. కుండలో పెట్టి కాల్చి, నిలువునా చీల్చి, పీచు తీసుకుంటూ తింటాం. నడిమధ్యన వేలంత లేత ఆకు దొరుకుతుంది, దాన్ని చందమామ అంటాం. చందమామ ఎవరికొస్తుందని నువ్వూ మీ అన్నయ్యా కొట్టుకునేవారు. ఒక్క తాటిపండు మూడు నెలల్లో మూడు రకాలుగా చేతికొస్తుంది. ఏమీ చెయ్యనక్కర్లేదు, అక్కడ ఉందని గుర్తుపెట్టుకుని మళ్ళీ వెళ్ళాలి. ఈ నెలాఖరు నుంచి మీ రోడ్ల మీద కూడా తేగల బళ్ళు కనిపిస్తాయి. ఒక కట్ట కొని పాప చేత చీల్పించు.

అల్లుడికి పూజల మీద పెద్ద పట్టింపు లేదనీ, అతన్ని ఇబ్బంది పెట్టటం నీకిష్టం లేదనీ అన్నావు. పెట్టకు. కార్తీకంలో భక్తి ఉన్నవాళ్ళకి భక్తి ఉంది. లేనివాళ్ళకి కూడా తెల్లవారుజామున లేవటం, నీళ్ళ దగ్గరికి వెళ్ళటం, చీకట్లో ఒక దీపం పెట్టటం, ఉసిరి చెట్టు కింద పదిమందితో కూర్చుని తినటం ఉన్నాయి. ఎవరో ఎప్పుడో మనకోసం అమర్చిపెట్టిన నెల ఇది. నీకు నచ్చినంత తీసుకో. వనభోజనాలంటే మీ అపార్టుమెంటు వాళ్ళు బస్సు మాట్లాడుకుని రిసార్టుకి వెళ్తారన్నావు. దగ్గరలో ఉసిరిచెట్టున్న తోటొకటి చూసుకుని, పులిహోర, కంద బచ్చలి కూర, పెరుగన్నం పట్టుకుని నాలుగు కుటుంబాలు వెళ్ళండి. మైకులు వద్దు.

వంట మాత్రం నువ్వొక్కదానివే చెయ్యకు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మా అత్తగారి కాలంలో కార్తీకమంటే ఆడవాళ్ళకి నడుం విరిగే నెల. నాలుగింటికి లేచి తలస్నానాలు, మడి, ఉపవాసం ఉండి మరీ పదిమందికి వంట, సాయంత్రం మళ్ళీ దీపాలు. మగవాళ్ళు వచ్చి ఎంత ప్రశాంతంగా ఉందో అనేవారు. ఒకరి వీపు మీద నిలబెట్టిన ప్రశాంతతకి నేను విలువివ్వను. పులిహోర అల్లుడు కలపగలడు. స్వీటు కొట్లో కొనండి. ఆత్రేయపురం పూతరేకులు మీ దగ్గర కూడా దొరుకుతున్నాయి.

పోలి కథ గుర్తుందా? పోలిపాడ్యమి నాడు ఏటా నేను చెబితే నిద్రకళ్ళతో వినేదానివి. అత్తగారు పెద్దకోడళ్ళని వెంటబెట్టుకుని నెలంతా నదికి వెళ్ళేది. చిన్నకోడలు పోలిని ఇంట్లో వదిలి, దీపం పెట్టడానికి నూనె, వత్తి దొరక్కుండా దాచేసి వెళ్ళేది. పోలి పెరట్లో చెట్టు కింద రాలిన పత్తి ఏరి వత్తి చేసుకుంది. కవ్వానికి అంటుకున్న వెన్న తీసి, నూతి దగ్గరే స్నానం చేసి దీపం పెట్టుకుంది. ఎవరికంటా పడకుండా దాని మీద బుట్ట బోర్లించింది. నెలాఖరుకి విమానం నదికి కాకుండా ఆ నూతి దగ్గరికి వచ్చింది. మేమూ వస్తామని అత్తా తోడికోడళ్ళూ ఆమె కాళ్ళు పట్టుకుని వేలాడి కింద పడ్డారు.

ఈ కథ చెప్పి ఆడపిల్ల ఇంటిపట్టున ఓర్చుకుని పడి ఉండాలనేవాళ్ళున్నారు. నాకలా ఎప్పుడూ అనిపించలేదు. పోలి ఓర్చుకుని ఊరుకోలేదు. వద్దన్న దీపం పెట్టింది. ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరికీ చూపించుకోలేదు. ఇంట్లో తన చేతికి అందినవాటితోనే, తనకోసం, రోజూ పెట్టుకుంది. నది మీద కోరిక లేక కాదు, నది దొరికేదాకా తన కార్తీకం ఆగిపోకూడదని. కశ్మీరు దొరికేదాకా నీ బతుకు ఆపుకోవద్దని నేను చెప్పేదీ అందుకే. ఫొటో తీసి ఎవరికీ పంపక్కర్లేని పని రోజుకొకటి ఉండనీ. అయిదు నిమిషాలదైనా సరే.

ఎల్లుండి పున్నమి. నిన్న క్షీరాబ్ది ద్వాదశికి తులసికోట దగ్గర ఉసిరికొమ్మ నాటి దీపాలు పెట్టాం. పున్నమి నాడు మా ఊరి గోష్పాద రేవులో కాలు మోపడానికి చోటుండదు, నేను వెళ్ళను. మూడువందల అరవై అయిదు వత్తులూ ఇంట్లోనే వెలిగిస్తాను. పోలిపాడ్యమి 21వ తేదీ శుక్రవారం పడింది. నువ్వు గురువారం రాత్రి బయల్దేరి వస్తే శని, ఆదివారాలు కూడా కలిసొస్తాయి. అడగాల్సిన సెలవుల్లో మొదటిది ఇదే అడుగు.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వస్తే రాజమండ్రికే టిక్కెట్టు తీసుకో, ముందే దిగిపోవద్దు. నిడదవోలు దాటగానే పాపని లేపి కిటికీ దగ్గర కూర్చోబెట్టు. వంతెన దాటించి, మళ్ళీ బస్సులో రోడ్డు బ్రిడ్జి మీంచి వెనక్కి తీసుకురా. రైల్లోంచీ, బస్సులోంచీ గోదారి చూస్తుంది. పాడ్యమి దీపాలు ఆ తెల్లవారుజామునే వదిలేస్తారు కాబట్టి రైలు ఆలస్యమైతే రేవులో జనం పల్చబడి ఉంటారు, అదీ మంచిదే. అరటిదొప్పలు నేను కోయించి ఉంచుతాను. వత్తులు, ఆవునెయ్యి ఉన్నాయి. పాపకి స్వెట్టరొకటి తీసుకురా, గట్టు మీద తెల్లారగట్ల మంచు పడుతోంది. శనివారం మనందరం పట్టిసీమ. అల్లుడికి మెట్లెక్కాలని లేకపోతే మీ పెదనాన్నతో పడవ రేవులో కూర్చుని కబుర్లాడుకోవచ్చు. ఆయనకి తుపాను సంగతులన్నీ చెప్పడానికి ఒక మనిషి కావాలి.

వచ్చేముందు పాప కాలి కొలత పంపించు, ఇక్కడ పట్టీలు చేయించాలి. మీ అమ్మకి కూడా ఇవాళే విడిగా రాస్తున్నాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ